విశ్రాంతి: ఒక మాట, అనేక మజిలీలు

(ప్రసంగ పాఠం)



ఢిల్లీ నగరపు పటాన్ని ఎదుట పరచుకొని పేటల పేర్లను వరుసగా చదివితే ఒక విశేషం గోచరిస్తుంది. యూసుఫ్ సరాయ్, బేర్ సరాయ్, జియా సరాయ్, కట్వారియా సరాయ్, లాడో సరాయ్, సరాయ్ కాలేఖాన్, సరాయ్ రొహిల్లా - ఇలా 'సరాయ్' అనే మాటతో కూడిన పేర్లు ఎన్నో కనిపిస్తాయి. మరొకవైపు వసంత్ విహార్, మయూర్ విహార్, ఆనంద్ విహార్. పహాడ్‌గంజ్‌కు చేరువలో ఆరాంబాగ్. క్షణం తీరిక లేనట్లు పరుగులు తీసే ఈ రాజధాని తన వీధులకు పెట్టుకున్న పేర్లలో మాత్రం ఆగమని, కూర్చోమని, నడుం వాల్చమని చెబుతూనే ఉంది. సరాయ్ అంటే బాటసారుల విడిది. విహారమంటే ఉల్లాసంగా తిరుగాడే చోటు, ఆ తరువాత బౌద్ధ భిక్షువుల నివాసం. ఆరాంబాగ్ అంటే విశ్రాంతి వనం.

ఇన్ని పేర్లున్న నగరంలో నేటికీ కార్యాలయాల తలుపుల మీద, ప్రయాణికుల సంభాషణలలో తరచుగా వినవచ్చే చిన్న ఇంగ్లీషు మాట ఒకటుంది. అది 'రెస్ట్'. రెస్ట్ హౌస్, రెస్ట్ రూము, బెడ్ రెస్ట్ - ఇవన్నీ తెలుగు ఇళ్లలోనూ వాడుకలో ఉన్న మాటలే. వైద్యుడు 'రెస్ట్ తీసుకోండి' అంటే పల్లెటూరి వృద్ధురాలికి కూడా అర్థమవుతుంది. ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు ఏమిటి? దానికి సాటివచ్చే మన మాటలు ఏ భావాలను మోసుకొని వచ్చాయి? ఒక భాషలోని విశ్రాంతిని మరొక భాషలోకి తీసుకుపోయేటప్పుడు ఎక్కడ తడబాటు కలుగుతుంది? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగానికి విషయం.

ఇంగ్లీషులో 'రెస్ట్' చూడటానికి ఒక్క మాటే. నిజానికి అవి రెండు మాటలు. 'అలసట తీర్చుకోవడం' అనే అర్థం గలది ఒకటి, 'మిగిలిన భాగం' అనే అర్థం గలది మరొకటి. రెండోది లాటిన్ భాష నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. 'రెస్తారే' అనే లాటిన్ క్రియకు వెనుక నిలిచిపోవడం అని అర్థం. అందులోని 'స్తా' ధాతువూ, సంస్కృతంలోని 'స్థా' ధాతువూ ఒకే కుదురుకు చెందినవి. స్థానం, స్థితి, స్థిరం అనే మన మాటలకు అది దూరపు చుట్టం. పోలీసులు చేసే 'అరెస్టు' కూడా ఈ కుటుంబానిదే. అరెస్టు అంటే నిలిపివేయడం.

మొదటి 'రెస్ట్' లాటిన్ నుంచి వచ్చినది కాదు. అది జర్మానిక్ భాషల ఇంటి సొత్తు. ప్రాచీన ఇంగ్లీషులో దానికి విశ్రాంతి అనే అర్థంతోపాటు పడక అనే అర్థం కూడా ఉండేది. నేటి జర్మన్ భాషలోని 'రాస్ట్' దాని సోదరి. ఆ కుటుంబంలోనే మరొక ఆశ్చర్యకరమైన అర్థం ఉంది. ప్రాచీన గోతిక్ భాషలో 'రాస్తా' అనే రూపానికి మైలు అని అర్థం. ఒక విశ్రాంతికీ మరొక విశ్రాంతికీ నడుమ నడిచే దూరమే వారికి కొలమానం అయిందన్నమాట. మనిషి కాళ్లే మైలురాళ్లు పాతుకున్న కాలమది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గోతిక్ 'రాస్తా' వినగానే హిందీ తెలిసినవారికి దారి అనే అర్థం గల 'రాస్తా' తలపునకు వస్తుంది. రెండింటికీ సంబంధం లేదు. హిందీలోకి పారసీకం నుంచి వచ్చిన 'రాస్తా'కు మూలం 'సూటి' అనే అర్థం గల 'రాస్త్' అనే మాట. ధ్వని కలిసినంత మాత్రాన చుట్టరికం కలిసినట్లు కాదు. పదాల చరిత్రను చదివే విద్యార్థులు మొట్టమొదట నేర్చుకోవలసిన పాఠమిది.

అయితే మాటలకు చుట్టరికం లేకపోయినా మనుషుల ఆలోచనకు ఉండవచ్చు. దీనికి మన 'మజిలీ' అనే మాటే నిదర్శనం. అరబ్బీలో 'నజల' అంటే దిగడం. వాహనం దిగే చోటు 'మంజిల్'. ఆ మాట పారసీకం ద్వారా భారతీయ భాషలలో ప్రవేశించి, ప్రయాణంలో దిగి ఆగే చోటుగా, ఆపైన ఒక రోజు ప్రయాణపు దూరంగా అర్థాన్ని విస్తరించుకుంది. హిందీలో అది గమ్యమయింది, మేడలోని అంతస్తు కూడా అయింది. తెలుగులో 'మజిలీ'గా మారి బాటసారుల బసగా నిలిచింది. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' తెలుగువారికి చిరపరిచితం. కాశీయాత్ర సాగించే మణిసిద్ధుడు తన వెంట వచ్చే గోపబాలుడికి మజిలీ మజిలీకి ఒక కథ చెబుతాడు. నడక ఆగినచోట కథ మొదలవుతుంది. కోసు దూరాలను విశ్రాంతులతో లెక్కించిన గోతిక్ బాటసారికీ, మజిలీలను కథలతో లెక్కించిన తెలుగు బాటసారికీ భాషలు వేరు కావచ్చు, కాళ్ల నొప్పి ఒక్కటే.

ఢిల్లీ సరాయ్‌ల కథ కూడా ఈ నొప్పితోనే మొదలైంది. 1540 నుంచి 1545 వరకు పాలించిన షేర్‌షా తన రాజమార్గాల పొడవునా సరాయ్‌లను నిర్మింపజేశాడని చరిత్ర చెబుతున్నది. అనంతరం మొగలులు రాజమార్గాల మీద కోసు మీనార్లను నిలిపారు. అటువంటి మీనారు ఒకటి నేటికీ ఢిల్లీ జంతు ప్రదర్శనశాల ఆవరణలో నిలిచి ఉంది. 'సరాయ్' అనే పారసీక పదానికి మొదట ఇల్లు, మందిరం అని అర్థం. తుర్కీ భాషలో నేటికీ రాజభవనాన్ని 'సరాయ్' అనే పిలుస్తారు. రాజు ఉండే ఇంటికీ, ఒంటెలవాడు ఒక రాత్రి తలదాచుకునే ఇంటికీ ఒకే మాట చెల్లింది. హుమాయూన్ సమాధి పక్కన ఉన్న అరబ్ సరాయ్ 16వ శతాబ్దినాటిది. షాజహాన్ కుమార్తె జహానారా బేగం చాందినీ చౌక్‌లో కట్టించిన సరాయ్‌ను ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ మెచ్చుకున్నాడు. 1857 తిరుగుబాటు అనంతరం దానిని కూల్చివేశారు. ఆ స్థలంలో టౌన్‌హాలు వెలసింది. సరాయ్‌లు చాలావరకు పోయాయి, పేర్లు మిగిలాయి. బాటసారి దిగిన చోట ఇప్పుడు బస్సు ఆగుతున్నది.

ఇక 'ఆరామ్' అనే మాటను పరిశీలిద్దాం. హిందీలో విశ్రాంతికి సర్వసాధారణంగా వాడే ఈ మాట పారసీకం నుంచి వచ్చింది. తెలుగువారికి 'ఆరామం' అనగానే తోట గుర్తుకు వస్తుంది. అది సంస్కృత పదం. ఈ రెండూ కేవలం ధ్వనిలో కలిసిన మాటలు కావు. పారసీకం, సంస్కృతం ఒకే ఇండో-ఇరానియన్ శాఖకు చెందినవి కనుక 'రమ్' అనే ధాతువు రెండింటికీ ఉమ్మడి ఆస్తి. ఆగడం, కుదుటపడటం, ఆనందించడం - ఈ మూడు భావాలూ ఆ ధాతువులో ఇమిడి ఉన్నాయి. విరామం, ఉపరమణం, రమ్యం, రమణీయం అన్నీ దాని సంతానమే. 'రాముడు' అనే పేరును సైతం పండితులు ఈ ధాతువు నుంచే వ్యుత్పాదిస్తారు. ఇరాన్ వైపు వెళ్లిన శాఖ ఆగడాన్ని పట్టుకుంది. మనవైపు వచ్చిన శాఖ ఆనందాన్ని పట్టుకుంది. బౌద్ధులకు ఉద్యానమే నివాసం కావడం చేత 'సంఘారామం' ఏర్పడింది. తెలుగునాట అమరారామం, ద్రాక్షారామం, సోమారామం, కుమారారామం, క్షీరారామం అనే పంచారామాలు శైవక్షేత్రాలుగా నేటికీ పూజలందుకుంటున్నాయి.

వేల సంవత్సరాల క్రితం విడిపోయిన ఈ అక్కచెల్లెళ్లు యమునాతీరంలో మళ్లీ కలుసుకున్నారు. ఆగ్రాలో బాబరు వేయించిన తోటకు ఆరాంబాగ్ అని పేరుండేదని, అది జనుల నోట రాంబాగ్ అయిందని చెబుతారు. పారసీకపు విశ్రాంతి రామనామంలో కలిసిపోయింది. విన్నవారికి ఇది అపభ్రంశంగా తోచవచ్చు. ధాతువు తెలిసినవారికి మాత్రం పుట్టింటికి చేరినట్లు కనిపిస్తుంది. ఎర్రకోటలోని 'ఖ్వాబ్‌గాహ్' కూడా ఇటువంటిదే. చక్రవర్తి శయనమందిరమైన దాని పేరులోని 'ఖ్వాబ్' మన 'స్వప్నం' అనే మాటకు దగ్గరి జ్ఞాతి. నిద్రకు సంబంధించిన గ్రీకు 'హిప్నోస్', లాటిన్ 'సోమ్నుస్' కూడా ఆ వంశంలోనివే.

సంస్కృతంలోని 'విశ్రాంతి' మరొక దారిన వచ్చింది. దానికి మూలం 'శ్రమ్' ధాతువు. శ్రమ తొలగడమే విశ్రాంతి, విశ్రామం. తపస్సు అనే శ్రమ జరిగే చోటు ఆశ్రమం. అనగా విశ్రాంతి అనే మాటలోనే శ్రమ దాగి ఉంది. పడినవాడికే విశ్రాంతి, పడనివాడికి ఆ మాట వర్తించదు. అచ్చ తెలుగు కూడా ఇదే చెబుతున్నది. సేద అంటే అలసట, అది తీరితే సేదతీరడం. పని తీరితే తీరిక. తెలుగువాడి దృష్టిలో విశ్రాంతి ఒక వస్తువు కాదు, అలసటకు వచ్చే ముగింపు. పాఠశాల మైదానంలో 'సావధాన్' తరువాత వినిపించే 'విశ్రామ్' అనే ఆజ్ఞను విద్యార్థులందరూ ఎరుగుదురు. అక్కడ ఎవరూ కూర్చోరు. బిగబట్టిన ఒంటిని సడలిస్తారు, అంతే. శ్రమకూ విశ్రాంతికీ నడుమ ఉన్న బంధాన్ని అంత క్లుప్తంగా బోధించే పాఠం వేరొకటి లేదు.

ఇంతవరకు చెప్పినవి మాటల చుట్టరికాలు. ఇక వాటి తగవులు చూద్దాం. హిందీ నుంచి తెలుగులోకి అనువదించేవారికి అన్నింటికంటె ప్రమాదకరమైనవి తెలియని మాటలు కావు, తెలిసినట్లు కనిపించే మాటలు. ఢిల్లీలో ఏటా పార్లమెంటు 'సత్ర్' జరుగుతుంది. హిందీలో సత్ర్ అంటే సమావేశాల కాలం. తెలుగులో సత్రం అంటే బాటసారులకు అన్నమూ నీడా ఇచ్చే ధర్మశాల. తొందరపాటు గల అనువాదకుడు పార్లమెంటును సత్రంగా మార్చివేయగలడు! రెండింటికీ మూలం ఒక్కటే. వైదికకాలంలో అనేక దినాలు సాగే యాగానికి సత్రమని పేరు. ఉత్తరాన ఆ 'అనేక దినాల కూటమి' మిగిలింది. దక్షిణాన యాగంతోపాటు జరిగే అన్నదానం మిగిలింది. అస్సాంలో అదే మాట వైష్ణవ మఠాలకు పేరైంది. గోదావరి లంకలలో వేళ కాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం వడ్డించిన డొక్కా సీతమ్మ పేరు తెలుగువారు నేటికీ తలచుకుంటారంటే, ఆ యాగఫలం మనకు ఏ రూపంలో దక్కిందో తెలుస్తుంది.

'అవకాశం' ఇంతకంటె చిక్కైన మాట. హిందీలో 'అవకాశ్' అంటే సెలవు, తీరిక. 'అవకాశ్ ప్రాప్త్' అధికారి అంటే పదవీ విరమణ చేసినవాడు. దానిని యథాతథంగా తెలుగులో ఉంచితే అవకాశం లభించిన అధికారి అవుతాడు. ఉద్యోగం ముగిసినవానికి ఉద్యోగం దొరికినట్లు! సంస్కృతంలో అవకాశమంటే చోటు, ఖాళీ స్థలం, సందు. పనికీ పనికీ నడుమ దొరికే చోటును హిందీ పట్టుకున్నది. ఏదైనా చేయడానికి దొరికే చోటును తెలుగు పట్టుకున్నది. ఇంగ్లీషు 'వెకేషన్'కు మూలమైన లాటిన్ మాటకు కూడా ఖాళీగా ఉండటమనే అర్థం. అరబ్బీ 'ఫుర్సా' దీనికి తలకిందులుగా నడిచింది. అక్కడ దానికి అదను, అనువైన సమయం అని అర్థం. హిందీలోనూ, తెలంగాణ పలుకుబడిలోనూ అదే 'ఫుర్సత్' తీరికగా మారింది. 'సెలవు' మాట కూడా గమనార్హం. తెలుగులో సెలవు అంటే మొదట అనుమతి. 'సెలవు ఇప్పించండి' అన్నప్పుడు ఆ అర్థమే పలుకుతుంది. ఇంగ్లీషులో సెలవుకు వాడే 'లీవ్' కూడా మొదట అనుమతే. 'లీజర్'కు మూలమైన లాటిన్ మాటకూ అనుమతింపబడటమనే అర్థం. ఇన్ని భాషలలో తీరిక అనుమతి నుంచే పుట్టడం యాదృచ్ఛికం కాదు. ఒకరి తీరిక మరొకరి చేతిలో ఉన్న దీర్ఘకాలపు చరిత్ర అందులో నిక్షిప్తమై ఉంది.

ఇక్కడే మాటల విచారణ మనుషుల విచారణగా మారుతుంది. స్వాతంత్ర్యానంతరం తొలి దశాబ్దాలలో జవహర్‌లాల్ నెహ్రూ పేరుతో దేశమంతటా మారుమోగిన నినాదం 'ఆరామ్ హరామ్ హై'. పారసీక, అరబ్బీ పదాల ప్రాసతో బిగించిన ఈ మూడు మాటలు తెలుగులోకి అంత సులభంగా రావు. నిఘంటువును చూసి 'విశ్రాంతి నిషిద్ధం' అని రాస్తే ప్రాస పోవడం చిన్న నష్టం; భావం పోవడం పెద్ద నష్టం. ఆ నినాదం దేశ నిర్మాణ సమయంలో ఒళ్లు దాచుకునే మనస్తత్వాన్ని నిందించింది. అది సుఖలాలసను తప్పుపట్టింది గాని శ్రమజీవి నిద్రను కాదు. 'సోమరితనం పాపం' అంటే సారాంశానికి చేరువవుతుంది. ఒక్క మాట ఎంపికలో పొరపాటు జరిగితే సోమరికి చెప్పిన మందలింపు కూలివాని మెడమీద కత్తి అవుతుంది. అనువాదకుని బాధ్యత ఎంతటిదో ఇందువల్ల గ్రహించవచ్చు.

ఏలయనగా విశ్రాంతి ఈ దేశంలో ఊరకే లభించినది కాదు. బొంబాయి బట్టల మిల్లులలో పనివారికి వారానికి ఒకనాడు కూడా సెలవు లేని రోజులుండేవి. నారాయణ్ మేఘాజీ లోఖండే కార్మికులను కూడగట్టి ఏళ్ల తరబడి కృషి చేయగా, 1890 జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారపు సెలవుకు అంగీకరించింది. నేడు ఆదివారం నాడు ఆలస్యంగా నిద్రలేచే ప్రతి ఉద్యోగీ ఆ ఉద్యమానికి ఋణపడి ఉన్నాడు. స్వతంత్ర భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదనీ, ఐదు గంటల పనికి మించకుండా అరగంట విరామం ఇవ్వాలనీ శాసించింది. అదే సంవత్సరం డిసెంబరు 10న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మానవ హక్కుల ప్రకటనలో 24వ అధికరణం విశ్రాంతిని, తీరికను ప్రతి మనిషి హక్కుగా పేర్కొన్నది. అంతవరకు అనుమతిగా ఉన్న మాట హక్కుగా మారింది. నిఘంటువులో ఒక పంక్తి మారడానికి మనుషులు ఎంత దూరం నడవవలసి వచ్చిందో!

ఆ నడక ముగిసిందని చెప్పడానికి వీలులేదు. పాత ఢిల్లీలో ఖారీ బావ్‌లీ బజారుకు రాత్రివేళ వెళ్లి చూస్తే, పగలంతా మూటలు మోసిన బండిమీదనే ముడుచుకొని పడుకున్నవారు కనిపిస్తారు. వారి పనిముట్టే వారి పడక. ప్రాచీన ఇంగ్లీషులో 'రెస్ట్' అంటే పడక అని చెప్పుకున్నాం. పడక లేనివానికి ఆ మాటకు గల మొదటి అర్థమే కరవైంది. శీతాకాలంలో ఇటువంటివారి కోసం నడిచే ఆశ్రయాలను ఢిల్లీలో 'రైన్ బసేరా' అంటారు. రైన్ అంటే రాత్రి, బసేరా అంటే బస. వాటి నిర్వహణ కోసం 2010లో ఢిల్లీ అర్బన్ షెల్టర్ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. షేర్‌షా కాలపు సరాయ్‌కి నేటి వారసురాలు ఈ బసేరాయే. తెలుగునాట పాలమూరు కూలీలు దేశంలోని ఎన్నో ఆనకట్టల పనులలో పాల్గొన్నారు. గుంపు మేస్త్రీ వద్ద ముందుగా తీసుకున్న బయానా తీరేవరకు పనివేళలకు లెక్క ఉండేది కాదు. వారు కట్టిన నీడలో ఇతరులు సేదతీరారు. వారు మాత్రం పని ముగియగానే గుడిసె విప్పుకొని మరొక చోటికి సాగిపోయారు. వారికి దొరికినది మజిలీ, మంజిల్ కాదు.

భారత రాజ్యాంగంలోని 43వ అధికరణం ఈ సందర్భంలో స్మరణీయం. పనివారందరికీ జీవనానికి చాలిన వేతనాన్ని, గౌరవప్రదమైన జీవన ప్రమాణాన్ని, తీరికను సంపూర్ణంగా అనుభవించే వీలును, సామాజిక సాంస్కృతిక అవకాశాలను సమకూర్చడానికి రాజ్యం కృషి చేయాలని అది ఆదేశిస్తున్నది. తీరిక అన్నచోట రాజ్యాంగపు హిందీ పాఠంలో ఉన్న మాట 'అవకాశ్'. దాని వెంటనే వచ్చే మాటను తెలుగులో రాయవలసివస్తే 'అవకాశాలు' అనే రాయాలి. హిందీవాని అవకాశమూ తెలుగువాని అవకాశమూ ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చున్నాయి. అనువాదకుణ్ణి ఇంతకాలం తికమక పెట్టిన రెండు అర్థాలు అక్కడ ఒకదానికొకటి భాష్యం చెప్పుకుంటున్నాయి. తీరిక లేనివానికి అవకాశం లేదు. గ్రీకులు తీరికకు 'స్ఖోలే' అని పేరు పెట్టారు. 'స్కూలు' అనే మాట అందులోనుంచే వచ్చింది. పొద్దంతా పనిలో ఉన్న పిల్లవాడు బడికి రాలేడన్న సత్యం ఆ మాట గర్భంలోనే ఉంది.

గ్రంథాలయంలో కూర్చొని ఈ పంక్తులు చదివే విద్యార్థికి ఆ గంట తీరిక ఎవరో ఒకరి శ్రమ వల్ల లభించినదే. రెస్ట్, ఆరామ్, విశ్రాంతి, ఫుర్సత్, అవకాశం - ఏ పేరుతో పిలిచినా ఈ దేశంలో ఆ మాట అందరి ఉమ్మడి సొత్తు. మాట ఉమ్మడిదైనప్పుడు అది సూచించే వస్తువు కూడా ఉమ్మడిది కావాలి. ఖారీ బావ్‌లీ బండివానికి, ఆనకట్ట కట్టిన పాలమూరు కూలీకి వారి వారి భాషలలో ఆ మాట అర్థమైననాడే దాని అనువాదం పూర్తయినట్లు.